పరుపుబండ మీద గొంగడి గుడారం

పోయిన ఆదివారం నా మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా మంచం మీద కూర్చుంది. మొగుడూ పెళ్ళాలూ, ఇద్దరు పిల్లలూ కలిసి సెలవుల్లో ఎక్కడో అడవి అంచున రెండు రోజులు గుడారంలో ఉండి వస్తారట. ఏ గుడారం కొనాలో తేలక ఇంట్లో వారం రోజులుగా ఒకటే చర్చ. ఒకటి చవకే గాని వానకు ఆగదట, ఒకటి ఆగుతుంది గాని మోయలేరట, ఇంకొకటి ఒక్కరే చిటికెలో వేసుకోవచ్చట. నువ్వైతే ఏది కొంటావు నానమ్మా అని, ఊరికే నన్ను మాట్లాడించడానికి అడిగింది. ఏది కొన్నా సరే, ముందు బండ మీద ఒకసారి వేసి చూడమన్నాను. అది పకపకా నవ్వి, బండ మీద ఎవరు వేస్తారు నానమ్మా అంది. ఎవరు వేస్తారా? నన్ను కన్న మా బాపు వేశాడు తల్లీ! ఆ కథ మొదలుపెట్టేలోగా దానికి ఏదో ఫోను వచ్చి లేచిపోయింది. చెప్పకుండా ఉంటే నాకు అన్నం సహించదు కనుక మీకు చెబుతున్నాను. నా ఈడు వాళ్ళకు ఇలాంటివి వినే ఓపిక ఇంకా ఉంటుందని నా నమ్మకం.

మా ఊరు పాలమూరుకు బండి మీద ఒక పూట ప్రయాణం. కాగితాల మీద మహబూబ్‌నగర్ అని రాసేవాళ్ళు గాని మా నోటికి ఎప్పుడూ పాలమూరే. తెలంగాణ ఆంధ్రతో కలిసిన కొత్తల్లో సంగతి ఇది, నాకప్పుడు పదేళ్ళుంటాయి. ఏటా కార్తీకంలో మా ఇలవేల్పు ఉన్న గట్టు దగ్గర జాతర జరిగేది. ఇప్పటిలాగా పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే జాతర కాదది; మూడు రోజులకు సరిపడా జొన్నపిండి, పప్పు, ఎండుమిరపకాయలు, పొయ్యి కట్టెలు, ఎడ్లకు గడ్డి అన్నీ బండికెత్తుకొని పోయి, బండి కిందే కాపురం పెట్టేవాళ్ళం. ఎండకు బండి మీదినుంచి ఒక బొంత వేలాడదీస్తే అదే ఇల్లు. నక్షత్రాలు చూస్తూ పడుకోవడం ఎంత బాగుండేదో మీలో జాతరలకు పోయిన వాళ్ళకు వేరే చెప్పాలా!

అయితే అంతకు రెండేళ్ళ ముందటి జాతర మాత్రం నాకు చేదు మిగిల్చింది. నాకూ మా తమ్ముడికీ నడుమ ఒక పిల్లవాడు పుట్టి నెల తిరక్కుండానే పోయాడు. అందుకని తమ్ముడు కడుపున పడగానే, వీడు బతికి బట్టకడితే పుట్టువెంట్రుకలు గట్టు మీదే ఇస్తానని అమ్మ మొక్కుకుంది. వాడికి ఏడాది నిండకముందే తీసుకొని పోయాం. పోయిన రోజే ముసురు పట్టింది. బొంత తడిసి మణుగు బరువై మా నెత్తిన పడింది, పిల్లవాడు నాని జ్వరం తెచ్చుకున్నాడు, మొక్కు సంగతి పక్కనబెట్టి అర్ధాంతరంగా బండి కట్టుకొని పాలమూరు దవాఖానకు పరుగెత్తాం. వాడు దక్కాడు గాని వెంట్రుకలు నెత్తిమీదే ఉండిపోయాయి.

ఆ వెంట్రుకల తిప్పలు ఏం చెప్పమంటారు! స్వామికి ఇచ్చేదాకా కత్తెర తగలకూడదు. రెండేళ్ళు తిరిగేసరికి వాడి జుట్టు వీపుమీదికి దిగింది. నా రిబ్బన్లే తెచ్చి అమ్మ వాడికి రెండు జడలు వేసేది, ఆ రిబ్బన్ల కోసం నేను ఏడ్చేదాన్ని. సంతలో ఎవరు చూసినా పిల్ల ముద్దుగా ఉందనేవాళ్ళు, వాడు లాగు విప్పి చూపించడానికి సిద్ధమయ్యేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం గాని అమ్మ నవ్వేది కాదు. బాకీ పడ్డ దేవుడు ఊరుకుంటాడా అన్న భయం ఆమెను లోపల తినేస్తుండేది. పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయాలి. మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడు దాకా ఆగాల్సిందే. వాడికి మూడో ఏడు నడుస్తోంది.

అడ్డం పడిందల్లా మా అవ్వ, బాపును కన్నతల్లి. ఆమె మాటే మా ఇంట్లో చట్టం. "వాన సొరని గుడారం ఉంటేనే పోరడు గడప దాటుడు. లేకుంటే సామినే మనింటికి రమ్మను" అని తేల్చి చెప్పేసింది. ఇంకేం, మా బాపు గుడారాల వేటలో పడ్డాడు. పెళ్ళిళ్ళకిచ్చే షామియానా కిరాయికి తెద్దామంటే అది ఎండకే గాని వానకు జల్లెడ. ఈతాకు తడకలు కడదామంటే గాలికి ఎగిరిపోతాయి. చివరికి ఎవరో చెప్పగా, పట్నంలో పాత మిలిటరీ గుడారాలు హర్రాజులో వేలం వేస్తున్నారని రైలెక్కి పోయి, నిరుటి ఆముదాలు అమ్మిన పైకంలో సగం పోసి ఒకటి కొనుక్కొచ్చాడు.

అబ్బో, దాని వైభోగం చూడాలి! మందపాటి కాన్వాసు, బొంగుల్లాంటి తాళ్ళు, జానెడున్నర ఇనుప మేకులు ఒక సంచి నిండా, నడుమ వేసే దూలం ఒకటి. మా ఇంటి ముందరి ఎర్రమట్టి జాగాలో వాడకట్టులోని నలుగురు మగవాళ్ళు పూటంతా తంటాలు పడి నిలబెట్టారు. ఊరంతా వచ్చి లోపల కూర్చొని పోయింది. అవ్వ నడిమధ్యన పీట వేసుకొని తహసీల్దారులా కూర్చొని, దీనికి తిరుగులేదని మెచ్చుకుంది. బాపు చెయ్యి మీసం మీదినుంచి దిగలేదు. అమ్మ ఒక్కతే దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక మేకును కాలితో కదిలించి చూసి, "వాన నిన్నడిగి వస్తదా? నువ్వు ఎడ్ల అంగట్ల ఉంటివి, వానొచ్చె. అప్పుడు గీ మేకులు నేను కొట్టాల్నా, గీ పిల్ల కొట్టాల్నా?" అంది. బాపుకు కోపం వచ్చింది. జాతరలో ఎడ్ల అంగడి మొదలైతే ఆయన ఇటు తొంగిచూడడన్నది ఊరందరికీ తెలిసిన మాటే, అందుకే మరింత కోపం వచ్చింది.

అమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తలేదు గాని ఊరుకోనూ లేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని కురుమల వాడకు పోయింది. అక్కడ గొర్రెల మందలు కాసి కాసి ముడుతలు పడ్డ ఒక పెద్దవ్వ ఉండేది. ఆమెకు జొన్నలు కొలిచి మూడు పాత గొంగళ్ళు తెచ్చుకుంది. చలికీ వానకూ గొర్లకాపరులు నెత్తిన కప్పుకునే ఆ నల్ల ఉన్ని గొంగడి మీకు గుర్తుండే ఉంటుంది. "జీవాలెంబడి ముప్పై ఏండ్లు తిరిగిన బిడ్డా, గిది నన్ను తడవనియ్యలే" అని ఆ పెద్దవ్వ భరోసా ఇచ్చింది. ఇంటి వెనుక కొట్టంలో కూర్చొని అమ్మ ఆ మూడింటినీ దబ్బనంతో కలిపి కుట్టింది. గుడిసె మీద గడ్డి కప్పినట్టు, పైదాని అంచు కిందిదాని మీదికి వచ్చేలా కుట్టింది. మూలలకు తాళ్ళు కట్టింది. తరువాత దాన్ని రెండు గుంజల మీద పరిచి, కింద నన్ను కూర్చోబెట్టి, బిందెల కొద్దీ నీళ్ళు పోసింది. మూడు బిందెల దాకా ఏమీ లేదు, నాలుగో బిందెకు ఒక్క చుక్క నా ముక్కు మీద పడింది. అమ్మ మళ్ళీ దబ్బనం తీసింది. బాపు చిన్నబుచ్చుకుంటాడని దాన్ని మడిచి, పక్కబట్టల్లో కలిపి, బండిలో గడ్డి కింద పెట్టింది. నాతో ఒట్టు వేయించుకుంది.

బాపు గుడారానికే ఒక బండి కావలసి వచ్చింది. ఆ సంవత్సరం మేము రెండు బండ్ల మీద జాతరకు పోయాం. గట్టు కింద ఎవరి జాగా వాళ్ళకుండేది. మా తాత కాలం నుంచీ మా జాగా ఒక పరుపుబండ. చాప పరిచినట్టు నేలబారుగా ఉండే రాయి. నీళ్ళు నిలవవు, తేళ్ళు రావు, అంతకంటే మంచి జాగా జాతర మొత్తంలో లేదు. బాపు పుట్టిన నాటి నుంచీ ఏటా దాని మీద తిని, దాని మీద పడుకున్నవాడు. అలాంటి మనిషి కాన్వాసు విప్పి, మొదటి మేకు నిలబెట్టి, సుత్తెతో ఒక్క దెబ్బ వేశాడు. నిప్పురవ్వలు లేచాయి. ఇంకొకటి వేశాడు, మేకు వంకర తిరిగింది. అప్పటికి గాని బండకు మేకు దిగదన్న సంగతి మా ఎవ్వరి బుర్రకూ తట్టలేదు! ఎర్రమట్టిలో సులువుగా దిగిన సంబరంలో అందరం మునిగి ఉన్నాం. పక్క బండ్ల వాళ్ళు చుట్టూ మూగారు. "ఏం పటేలా, బాయి తవ్వుతున్నవా ఏంది?" అని ఒకాయన అంటే ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. పాపం మా బాపు మొహం చూడలేకపోయాను.

అంతలో పడమర నుంచి మబ్బు దిగింది. మెత్తటి జాగా ఎక్కడైనా దొరుకుతుందేమో, కాకుంటే గడ్డపారలతో బండకు గుంతలు కొట్టేవాళ్ళయినా దొరుకుతారేమోనని బాపు పరుగెత్తాడు. అవ్వ పిల్లవాణ్ణి కొంగులో చుట్టుకొని, "బండ్లు తిప్పుండ్రి. పోయినసారి సుఖం చాల్లేదా?" అని గర్జించింది. అమ్మ గట్టు వైపు చూసింది. గుడి కళ్ళెదుట కనబడుతోంది, తెల్లవారితే మంగలి కత్తి పడాలి, ఈ బండ్లు ఇప్పుడు తిరిగితే ఇంకో రెండేళ్ళు. ఆమె నా వైపు తిరిగి, పదమని కళ్ళతోనే చెప్పింది.

ఇద్దరం గడ్డి కింది నుంచి గొంగడి లాగాం. రెండు బండ్లనూ నడుమ సందు వదిలి పక్కపక్కన నిలబెట్టి, బాపు తెచ్చిన గుడారపు దూలాన్నే ఆ బండి మీదినుంచి ఈ బండి మీదికి అడ్డంగా వేసి కట్టాం. అమ్మ ఒక అంచు, నేను ఒక అంచు పట్టుకొని గొంగడిని దాని మీదికి విసిరాం. గాలి దాన్ని గుంజుకొని పోతుంటే అవతలి వైపు నుంచి అమ్మ గొంతు వినబడింది: "పట్టినవా బిడ్డా?" ఎప్పుడూ అది చెయ్యి, ఇది తే అని చెప్పడమే గాని, అమ్మ నన్ను అలా అడిగి, నా జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి. పట్టిన అని అరిచాను. తాళ్ళు తీసి పెద్ద పెద్ద రాళ్ళకు చుట్టి, రాళ్ళను ఎడంగా జరిపాం. మేకు లేదు, సుత్తె లేదు. ఒక విడెం నమిలేంత సేపట్లో ఇల్లు లేచింది. అవ్వ లోపలికి వంగి, గొంగడిని చేత్తో తడిమి చూసి, పిల్లవాణ్ణి వొళ్ళో పెట్టుకొని కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి.

కురిసింది చూడండి వాన! లోపల మాత్రం ఒక్క చుక్క లేదు. తడిసిన ఉన్ని వాసన ముక్కు పగలగొడుతుందనుకోండి, అయినా అంత కమ్మని వాసన నేను మళ్ళీ ఎరగను. పక్క బండ్ల వాళ్ళు, ఇందాక నవ్విన వాళ్ళే, పిల్లల్ని తెచ్చి మా గొంగడి కిందికి తోశారు. గిది ముందుగాలనే ఎందుకు తియ్యలేదే అని అవ్వ గదమాయిస్తే, "ఆయన తెచ్చిన దాని మీద నాది ముందుగాల ఎట్ల ఏస్త అత్తా?" అని అమ్మ మెల్లగా అంది. గడ్డపారల మనుషులిద్దరితో నిలువెల్లా తడిసి వచ్చిన బాపు ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. వంగి లోపలికి చూసి, పైన తన దూలాన్ని చూసి, కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "గుడారం నేను తెస్తి, ఇల్లు నువ్వు కడ్తివి" అన్నాడు. ఆ గడ్డపారల వాళ్ళక్కూడా రొట్టెలు పెట్టి పంపాం.

తెల్లారేసరికి మా మేనమామ వచ్చి మొదటి కత్తెర వేశాడు, మంగలి మిగతాది పూర్తిచేశాడు. అమ్మ గట్టు మెట్ల మీద కూర్చొని భోరుమని ఏడ్చింది. రెండేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారే ఏడ్చేసింది. తమ్ముడు తన జడలేవని అంతకంటే గట్టిగా ఏడ్చాడు. ఆ జుట్టు కోసం అంత యుద్ధం చేశామా, నలభై దాటకముందే వాడికి బట్టతల వచ్చింది, అది వేరే సంగతి. బాపు కాన్వాసు కూడా దండుగ కాలేదు. ఆముదం కుప్పల మీద కప్పుకోవడానికి చాలా ఏళ్ళు పనికొచ్చింది.

గట్టు దగ్గర ఇప్పుడు సిమెంటు గదులు కట్టారని, కారులో పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నారని తమ్ముడు చెబుతుంటాడు. పరుపుబండ మీద కార్లు నిలుపుతున్నారట. మంచిదే, పిల్లలు తడవరు. అప్పుడు మేము పదిమందిలో ఉండడానికి గుడారం వేసేవాళ్ళం, ఇప్పటివాళ్ళు పదిమందికి దూరంగా పోవడానికి వేస్తున్నారు. అదీ తప్పని నేనను. కాలం దాని తోవన అది పోతుంది.

నిన్న మనవరాలి గుడారం రానే వచ్చింది. ఒక్కరే వేసుకోవచ్చన్న రకమే కొంది. వేసి చూద్దామని మిద్దె మీదికి తీసుకెళ్ళి విప్పితే నిజంగానే చిటికెలో విచ్చుకుంది, ఆ మరు చిటికెలో గాలికి లేచింది. మేకులు కొడదామంటే కింద సిమెంటు! మనవరాలు నా మొహం చూసింది, నేను పూలకుండీలు చూపించాను. ఒక మూలకు కుండీ జరుపుతూ, రెండో మూల నా చేతికిచ్చి, "పట్టుకున్నావా నానమ్మా?" అని అడిగింది. గాలి గట్టిగా గుంజుతోంది. అరవై ఏళ్ళు దాటిపోయాయి ఆ మాట నన్నెవరైనా అడిగి. ఆ మూలను రెండు చేతులా బిగించి, పట్టిన అని అరిచాను.