కాటా తాతగారి రెండు గరిటెలు

ఆ రోజుల్లో మా వైపు ఏం తినాలో చెప్పడానికి ఒక మనిషి, ఆ మనిషికో జీతం, కూర్చోవడానికో గది ఉంటాయంటే ఎవరూ నమ్మేవారు కాదు. "తినడం కూడా ఒకరు నేర్పాలటే?" అని మా మేనత్త నా చదువు సాగినన్నాళ్లూ అడుగుతూనే ఉంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ చదువు ముగించుకుని చిలకలూరిపేటలో ఒక నర్సింగ్‌హోములో చేరాను. డాక్టరుగారు మెట్ల కింద గది ఇచ్చి, తలుపు మీద 'ఆహార సలహాలు' అని రాయించారు. మొదటి వారం తలుపు తోసినవాళ్లలో సగం మంది ఇడ్లీ పార్శిల్ అడిగారు. (ఒకాయన చట్నీ వేరే కట్టమన్నాడు కూడా.) ఆ ఉక్రోషం కొద్దీ తెల్లకోటు కుట్టించుకుని, నవ్వకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ల పిల్లకి గౌరవం అలాగే వస్తుందనుకున్నాను.

అప్పుడే వచ్చారు కాటా తాతగారు. నలభై ఏళ్లు వాళ్ల ఊళ్లో పత్తి తూచిన మనిషి. ఆయన కాటా ముందు నిలబడితే అమ్మేవాడూ కొనేవాడూ మారుమాట్లాడేవారు కాదట. షుగరు బాగా పెరిగి, కాలి చిటికెనవేలికి పుండు పడింది. నెలలో షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పి నా దగ్గరకు పంపారు. నేను కోటు సర్దుకుని, "పూటకి రెండు గరిటెల అన్నం తాతగారూ. మూడోది ముట్టకూడదు" అన్నాను. "రెండంటే రెండేనమ్మాయ్" అన్నారాయన. పక్కన ఆయన భార్య, మామ్మగారు కూడా తలూపింది.

నెల తిరిగింది. షుగరు ఒక్క మెట్టు దిగలేదు. వరండాలో పదిమంది కూర్చుని ఉండగా కాగితం ఊపుతూ, "మీరు అబద్ధం చెబుతున్నారు తాతగారూ. ఈ కాగితం అబద్ధం చెప్పదు" అనేశాను. ఆయన కోప్పడలేదు. కండువా భుజాన వేసుకుని, కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయారు. నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను. (ఆ మధ్యాహ్నం నేను మూడుసార్లు అన్నం వడ్డించుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.)

నాలుగో రోజు పొద్దున్నే ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. "నువ్వామాట అన్నకాడి నుంచి మెతుకు ముట్టలేదమ్మా. మజ్జిగ తాగి మాత్రలేసుకుంటన్నాడు. నా తూకమే తప్పన్నాక ఇంకేం తింటానే అంటాడు" అని మామ్మగారు గోడకి ఆనుకుని ఏడ్చింది. మాత్రలు వేసుకుంటూ తిండి మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పరీక్షలో నాలుగు పేజీలు రాశాను కూడా. డాక్టరుగారు గ్లూకోజు ఎక్కిస్తుంటే గుమ్మంలో నిలబడి, నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. నా నోటి దురుసుకి ఒక మనిషి ప్రాణం పోతుందేమోనని అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

గంటకి ఆయన కళ్లు తెరిచారు. మధ్యాహ్నం అన్నం పెట్టొచ్చన్నాక మామ్మగారు క్యారేజీ విప్పి, సంచిలోంచి గరిటె తీసింది. "నీ లెక్క తప్పకూడదని ఇదీ తెచ్చానమ్మా" అంటూ ఒక్క గరిటె వేసింది. పళ్లెం నిండిపోయింది.

నేను నోరు తెరిచి చూశాను. ఇంట్లో పత్తి తీసే కూలీలు పాతికమందికి వండి పెట్టిన రోజుల్లో కొన్న ఇత్తడి గరిటె అది. కూలీలు క్యారేజీలు తెచ్చుకోవడం మొదలై ఎన్నేళ్లయినా ఆ ఇంట్లో గరిటె మారలేదు. నా గదిలోంచి స్టీలు గరిటె తెచ్చి కొలిచి చూస్తే, ఆ ఒక్కటి నావి నాలుగు. పాపం, ఆయన లెక్క తప్పకుండా రెండే తిన్నారు.

మంచం పక్కన కూలబడి ఏడ్చేశాను. ఆయన నీరసంగా నవ్వి, "మేం కాటా కట్టేముందు రాళ్లు సరిచూసుకుంటామమ్మాయ్. నువ్వు చూసుకోలా, అంతే" అన్నారు.

ఆ తరవాత చిన్న గరిటెతో షుగరు దిగింది. కానీ అప్పటికే ఆలస్యమై పుండు పడిన ఆ కాలి చిటికెనవేలు తీసేయాల్సి వచ్చింది. క్షమించమని అడగబోతే, "తూకం వేసేది చేత్తో కదమ్మా" అని, వెళ్తూ వెళ్తూ ఆ ఇత్తడి గరిటె నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. గరిటె నా గదిలో గోడకి వేలాడుతోంది. తెల్లకోటు ఏమైందో గుర్తులేదు. మొన్న ఒక పెద్దాయన తలుపు తోసి, గరిటె చూసి, "భోజనం ఉందామ్మా?" అని అడిగాడు. ఇదివరకైతే మొహం మాడ్చుకునేదాన్ని. నవ్వి, కుర్చీ చూపించి, "కూర్చోండి. ముందు మీ ఇంట్లో గరిటె ఎంతుంటుందో చెప్పండి" అన్నాను.