కిటికీలకు కట్టిన చీరలు

నాన్న జ్వరంతో పోయినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మణుగూరు బొగ్గుగనుల కాలనీలో మాది రెండు గదుల క్వార్టర్. కర్మలన్నీ అయ్యాక, మధిర నుంచి వచ్చిన పెదనాన్నా పెద్దమ్మా తిరిగి వెళ్తూ ఇల్లంతా బోసి చేసి వెళ్లారు. గుమ్మానికి వేలాడే పూసల తెర, గోడ మీది అద్దం, అమ్మ ఊలుతో కుట్టిన చిలుకల బొమ్మ, అన్నీ ట్రంకు పెట్టెలోకి పోయాయి. ఇంక ఈ ఇంటికి సింగారాలెందుకన్నాడు పెదనాన్న. అమ్మ రంగుచీరలు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. అమ్మ తల వంచుకుని విన్నది. చీరలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

నాన్న బదులు అమ్మకు గని ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. పొద్దున తెల్లచీరతో వెళ్లేది; సాయంత్రానికి అది బొగ్గుపొడికి బూడిదరంగు తేలేది. మా గోడలూ అదే రంగులో ఉండేవి. ఒకనాడు నాతో చదివే అమ్మాయి మా ఇంటికి వచ్చి, అటూ ఇటూ చూసి, క్వార్టర్ ఖాళీ చేస్తున్నారా అని అడిగింది. వంటగదిలో ఉన్న అమ్మకు ఆ మాట వినబడింది.

ఆ ఆదివారమే పెట్టె మూత తీసింది. ఇద్దరం గోడలకు సున్నం వేశాం. తెగిన పూసల్ని మళ్లీ దారాలకు ఎక్కించాం. సంతలో అడవి పల్లె ఆమె దగ్గర కొన్న వెదురుబుట్టను బోర్లించి బల్బు చుట్టూ వేలాడదీస్తే గోడల నిండా వెలుగు చుక్కలు పడ్డాయి. తర్వాత అమ్మ తన ఆకుపచ్చ చీరా, వంకాయరంగు చీరా మంచం మీద పరిచి కత్తెర అడిగింది. ఇవ్వడానికి నాకు చేయి రాలేదు. అమ్మే అంది:

"నన్ను కట్టుకోవద్దన్నరు. కిటికీలను వద్దనలే గదా."

అడుగున కుచ్చులు పెట్టి తెరలు కుట్టింది. గాలికి అవి ఊగుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు వీధి కుళాయి దగ్గర గుసగుసలాడారు. అమ్మ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

సంవత్సరీకానికి పెదనాన్న వాళ్లు వచ్చారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చి, కిటికీ తెరను పిడికిట పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? మనిషి పోయిన ఇల్లా, పెళ్లివారిల్లా? ముందు ఇవన్నీ తీసెయ్యి."

అమ్మ వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడింది. ఆయన ఎదుట ఆమె తల ఎత్తడం నేను అదే మొదటిసారి చూశాను.

"తియ్య బావగారూ. పోయింది నా పెనిమిటి. ఇల్లేం పాపం చేసింది? నేనేం పాపం చేసిన?"

అలా అడిగేవాళ్లు ఉంటారని ఆయన ఎన్నడూ అనుకోలేదేమో, తెర వదిలేశాడు. ఆ ఇంట్లో తిండి ముట్టనని పెద్దమ్మను పిలిచి బయటికి నడిచాడు. పెద్దమ్మ వెంటనే కదల్లేదు. తెర అంచు వేళ్లతో తడిమి, కుచ్చులు ఇంత వరుసగా ఎలా కుదిరాయని మెల్లగా అడిగింది. అమ్మ చెప్పింది. పెద్దమ్మ శ్రద్ధగా విని వెళ్లిపోయింది.

మరునాడు ఆఫీసుకు అమ్మ నీలంచీర కట్టుకుంది. కాలనీ దారి పొడవునా జనం చూశారు. చూడనీ అన్నట్టు ఎప్పటికన్నా నెమ్మదిగా నడిచింది.

పెదనాన్న మళ్లీ మా గడప తొక్కలేదు. నా పెళ్లికీ రాలేదు. అమ్మ శుభలేఖ పంపింది కానీ బతిమాలలేదు. నా తల్లిదండ్రుల స్థానంలో పీటల మీద ఎవరు కూర్చోవాలని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, కని పెంచింది నేనే కదా అని అమ్మే వచ్చి కూర్చుంది. లేవమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.