ఒకే ఫొటోలో పడ్డ రెండు గడపలు

మొన్న గోపాలపట్నంలో కెమెరాలు బాగుచేసే పెద్దమనిషి మా మేనమామ పాత మడత కెమెరాను విప్పి, దాని ముందుకు సాగే తోలుతిత్తిలోకి టార్చిలైటు వేసి చూపించాడు. తిత్తి నిండా జల్లెడలా చిల్లులే. ఆయనా నా వయసువాడే, కొత్తవాళ్లనైనా బావా అని పిలిచే రకం. "దీనికెట్టిన డబ్బుల్తో మంచి సెల్లొచ్చేత్తాది బావా. మల్లీ రీలెక్కడ దొరుకుతాదో ఎతుక్కోవాల. ఏటి సేత్తావో ఆలోసించుకో" అన్నాడు. సరేనని ఇంటికొస్తే, దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అంటూ మా ఆవిడ నవ్వింది.

నవ్వదగ్గ విషయమే. కానీ ఆ కెమెరా కావాలన్నది నేను కాదు, దువ్వాడలో మనవడి దగ్గరుంటున్న మా పెద్దమ్మ. తొంభై దాటిన ఆ మనిషికి చివరగా ఒక ఫొటో దిగాలని ఉందట, అదీ ఆ కెమెరాతోనే తీయాలట.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసిన రోజులు మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా ఊరూ అందులోనే పోయింది. పోర్టులో పనిచేసే మా మేనమామ, ఏదో ఓడ దిగిన విదేశీ నావికుడి దగ్గర కొన్న ఆ కెమెరాను మెడలో వేసుకుని వచ్చి, ఇళ్లు కూలకముందే ఒక్కో గడపలో ఆ ఇంటి ఇల్లాలిని నిలబెట్టి ఫొటో తీశాడు. అమ్మకీ పెద్దమ్మకీ అప్పటికి ఏళ్ల తరబడి మాటల్లేవు. తోటికోడళ్లు, పక్కపక్క వాకిళ్లు, గొడవల్లా మా చూరు నీళ్లు వాళ్ల వాకిట్లో పడుతున్నాయనే. ఇద్దరూ కలిసి ఒక్క ఫొటో దిగండని నాన్న బతిమాలితే, దాని పక్కన నేను నిలబడనని ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఏకాభిప్రాయం ఆ ఒక్కదానిలోనే. సరేనని మావయ్య ముందు అమ్మను మా గడపలో తీసి, తర్వాత పెద్దమ్మను వాళ్ల గడపలో తీశాడు. మధ్యలో రీలు తిప్పడం మాత్రం మరిచిపోయాడు. రీలు తిప్పందే మీట పడనివ్వని చిన్న కొక్కెం అందులో ఒకటి ఉండాలట, అది అప్పటికే విరిగిపోయి ఉంది.

ఫొటోలు కడిగించి తెచ్చేసరికి ఊళ్లో ఇళ్లు లేవు. మేము గాజువాక వైపు, వాళ్లు దువ్వాడ వైపు చెదిరిపోయాం. ఒకే కాగితం మీద రెండు గడపలూ కలిసిపోయి, మా పెంకులు వాళ్ల గోడ మీదికి వచ్చి, ఆ మసకలో అమ్మా పెద్దమ్మా భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నారు. మావయ్య తిట్లు తినడానికి సిద్ధపడే ఇచ్చాడు గానీ, అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. వారం తిరక్కుండా ఆ ఫొటో చూడటానికని పెద్దమ్మ వచ్చింది, పొద్దుగూకేదాకా మా కొత్తింటి గడప మీదే కూర్చుంది. ముందు ఎవరు పలకరించారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ పోయేదాకా రాకపోకలు ఆగలేదు, చింత చచ్చినా పులుపు చావదన్నట్టు దెప్పుకోవడమూ ఆగలేదు.

కెమెరా ఖర్చు సంగతి విన్నాక దువ్వాడ వెళ్లి, ఫోనులో తీస్తాను పెద్దమ్మా అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "సెల్లులో నానొక్కదాన్నే పడతాన్రా. ఆ డబ్బాలో అయితే మీయమ్మ పక్కనుంటాది" అంది. అమ్మ పోయి చాన్నాళ్లయింది కదా అన్నాను. "నాకు తెల్దేటి? అయినా తియ్యి" అంది.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. అమ్మ చివరి రోజుల్లో కూర్చున్న పేము కుర్చీ మా ఇంట్లోనే ఉంది. ముందు ఆ ఖాళీ కుర్చీని ఫొటో తీసి, రీలు తిప్పకుండా, ఆ ఫొటో మీదే పెద్దమ్మను తీయవచ్చు.

నిన్న మళ్లీ గోపాలపట్నం వెళ్లి బాగుచేయమన్నాను. ఆయన సంతోషించి, "ఆ ఇరిగిన కొక్కెం కూడా కొత్తది ఏసేత్తాను బావా, ఇంక ఒకదాని మీదొకటి పడదు" అన్నాడు. మిగతావన్నీ చెయ్యి, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

నా ఫోనులో వేల ఫొటోలున్నాయి, దేనికది విడిగా, శుభ్రంగా. మేమూ అలాగే ఉంటున్నాం. మా అపార్టుమెంటులో ఎవరి చూరు నీళ్లూ ఎవరి వాకిట్లోనూ పడవు. పక్కింటావిడ పేరేమిటో ఇప్పటికీ మాకు తెలియదు.