మూడు గురిగింజల ఏనుగు

నాందేడ్ సరాఫా బజారులో బంగారం కొట్లు చాలా ఉన్నాయి. వాటన్నిటిలో అతి చిన్నది రామకిషన్ కాకాది. కొట్టు వెడల్పు మూడడుగులు, కాకా వెడల్పు రెండున్నర. మిగిలిన అరడుగులో ఒక గాజు పెట్టె, ఒక త్రాసు, ఒక భూతద్దం, వీలు దొరికితే నేను. పైనున్న "పాత నాణేలు" అనే బోర్డు కూడా నేను రాసిందే. తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణి మూడు భాషల్లో బోర్డు రాశానంటే, పూర్తిగా చదివి ఉంటే ఏమైపోయేవాణ్ణో మీరే ఊహించుకోండి.

కాకా అమ్మేది చిన్న బంగారు నాణేలు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం అష్రఫీలో ఎనిమిదో వంతు బిళ్ళే ఆయన దగ్గర అన్నిటికన్నా పెద్దది. అక్కడి నుంచి కిందికి దిగితే పణాలు. పణమంటే వందల ఏళ్ళ కింద దక్షిణాదిలో నడిచిన బంగారు చిల్లర. కందిబద్దంత ఉంటుంది, మూడు గురిగింజలెత్తు తూగుతుంది. వేళ్ళకు చిక్కదు కనుక వెనకటి షావుకార్లు వంద గుంటలున్న చెక్క పలక మీద పోసి ఊపేవారట. గుంటకొకటి చొప్పున కూర్చుంటే లెక్క తేలినట్టే. ఆ పలక కాకా దగ్గర ఇప్పటికీ ఉంది. ఒకసారి దాని మీద కాకా తుమ్మితే ఒక రాజ్యం ఖజానా మొత్తం మురుగు మోరీలో పడింది. ఇంకోసారి ఒక చీమ పణాన్ని నోట కరుచుకుని పోతుంటే హింగోలి గేటు దాకా తరిమి పట్టుకున్నాను. చీమకే ఆయాసం వచ్చింది, నాకు రాలేదు.

అయితే ఇప్పుడు చెప్పబోయేదానికి నేను ఉప్పూకారం ఏమీ కలపలేదు.

మా వైపు మనిషి పోతే నోట్లో తులసి నీళ్ళతో పాటు రవ్వంత బంగారం వేస్తారు. మా గల్లీలో ఆ రవ్వ కాకా కొట్టు నుంచే వస్తుంది. విరిగినవి, అరిగినవి, బొమ్మ చెరిగిన పణాల ముక్కలు గులాబీ కాగితంలో మడిచి పెట్టెలో ఒక మూల ఉంచుతాడు. పైసా తీసుకోడు. తాతల నాటి పద్ధతి. దానికో నియమం కూడా ఉంది: పోయినవాడి బంగారాన్ని తూచకూడదు, చూడకూడదు. అక్కడే పొట్లం విప్పి, కళ్ళు మూసుకుని నోట్లో ఒంపాలి.

మొన్న వేసవిలో బాబ్లీ నుంచి అనుసూయాబాయి వచ్చింది. పత్తి చేలో పనిచేసి నల్లబడ్డ చేతులు. కొంగుముడి విప్పి ఒక పణం కాకా అరచేతిలో పెట్టింది. ఒకవైపు ఏనుగు, రెండోవైపు తీగ. వాళ్ళింట్లో కొత్త కోడలు గడప దాటేటప్పుడు అత్త ఆ బిళ్ళను ఆమె కొంగున కడుతుంది. ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు.

"వచ్చే శుక్రారం కొడుకు పెండ్లి, సేట్. కోడలు పోరి ప్రణాలి సదువుకున్నది. గిదెన్నటిదత్తా అని అడిగితె నేనేం జెప్పాలె?" అంది.

కాకా భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఏనుగు పణం, అక్కా. ఏ రాజు కొట్టించిండో సదువుకున్నోళ్ళల్లనే కొట్లాట ఉన్నది. హైదరాబాద్‌ల ఎరుకున్నాయన ఉన్నడు, అడుగుత. ఒక్క వారం ఉంచిపో."

"పోగొట్టవు గద."

"నలభై ఏండ్ల సంది కూసున్న ఈడ. ఒక్కటి వోలేదు."

మోరీలో పడ్డ ఖజానా సంగతి నేను గుర్తుచేయబోతే నా మోకాలి మీద ఒక్కటిచ్చాడు. గులాబీ కాగితంలో పణాన్ని మడిచి పైన పేరు, ఊరు రాసి పెట్టెలో పెట్టాడు.

శనివారం పొద్దున ఎదురు కొట్టు బాబురావ్ పోయాడు. గిన్నెల వ్యాపారి. కాకాకు చిన్ననాటి దోస్తు. రోజూ ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని, ఎవరికెక్కువ వచ్చిందని కొట్లాడుకునేవారు. కబురు వినగానే కాకా పెట్టె తెరిచి, పొట్లం పట్టుకుని, చెప్పులు లేకుండానే రోడ్డు దాటాడు. కళ్ళు మూసుకుని దోస్తు నోట్లో ఒంపాడు. తులసి నీళ్ళు పోశాడు. గడ్డం కిందుగా తెల్లగుడ్డ బిగించి కట్టారు.

కళ్ళు తెరిచాక చేతిలో ఖాళీ కాగితం మిగిలింది. దాని మీద ఆయన రాతే ఉంది: అనుసూయాబాయి, బాబ్లీ.

పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. నిజానికి బరువంతా నా భుజం మీదే ఉంది, మిగతా ముగ్గురూ ఊరికే నడిచారు. గోవర్ధన్ ఘాట్ శ్మశానం దారిలో కాకా నా పక్కకు వచ్చాడు.

"అరే, ఏనుగు వోయింది," అన్నాడు.

దుఃఖానికి మతి తప్పిందనుకున్నాను. కాగితం చూపించాడు. చదివాను. పాడె అప్పుడు నిజంగానే బరువెక్కింది.

"అమోల్‌కు జెప్పు కాకా," అన్నాను. అమోల్ అంటే బాబురావ్ కొడుకు, కుండ పట్టుకుని ముందు నడుస్తున్నాడు.

"ఏమని జెప్పాలెరా? మీ నాయిన నోరు తెరువు, నా సామానున్నదని జెప్పాల్నా?"

ఎవరు ఏమడిగినా క్షణంలో సలహా పారేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం పాడె కర్రను భుజం మీద సర్దుకున్నాను.

కాకా ముందుకు నడిచి అమోల్ పక్కకు చేరాడు. "బేటా," అన్నాడు. అంతే, అమోల్ ఆయన భుజం మీద పడి ఏడ్చాడు. "కాకా, నాయినకు బంగారం నీ చేతుల మీదనే వడ్డది. నాకు గంతే సాలు." కాకా అతని వీపు నిమురుతూ ఉండిపోయాడు.

ఘాట్‌లో చివరిసారి అందరూ శవం పెదాల మీద నీళ్ళు పోసేటప్పుడు ఇంకో వీలు దొరికింది. కాకా వంగాడు. గుడ్డ ముడి మీద వేళ్ళు పెట్టాడు. ముడి వదులు చేశాడని కూడా నాకనిపించింది. బాబురావ్ దవడ బిగుసుకుపోయి ఉంది. వెనక నుంచి కర్మ చేయించే అయ్యగారు, "జెర జరుగు సేట్, ఇంకా మంది ఉన్నరు," అన్నాడు. కాకా జరిగాడు.

మంటలు లేచాక నేనే ధైర్యం చెప్పబోయాను. "బంగారం అంత జల్ది కరగదు కాకా."

"పణంల రాగి కలిసి ఉంటది. కరుగుతది," అన్నాడు. నాణేల గురించి ఆయన తప్పు చెప్పగా నేనెన్నడూ వినలేదు.

మూడోనాడు అస్థికలు ఏరే వేళకు ముందే కాకా మైసవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాడు. కంసాలి కొట్లలో ఊడ్చిన దుమ్ము కడిగి బంగారం తీయడం ఆమె వృత్తి. బూడిదను పళ్ళెంలో నీళ్ళతో తిప్పి తిప్పి, ఆఖరికి జొన్నగింజంత పసుపు చుక్క తేల్చింది. గుండ్రంగా, నున్నగా ఉంది. ఏనుగూ లేదు, తీగా లేదు. అదే సమయానికి అమోల్ వచ్చాడు.

"నువ్వే వెట్టి నువ్వే దీస్కుంటున్నవా కాకా?"

కాకా కాగితం తీసి ఇచ్చాడు, జరిగింది చెప్పాడు. అమోల్ చదివి తిరిగి మడిచి ఇచ్చాడు. "అప్పుడే జెప్తె నేనే దీసిస్తుంటి గద," అన్నాడు. తీసిచ్చేవాడో కాదో నాకు తెలియదు. మూడు రోజుల తర్వాత అనడం మాత్రం సులువే. ఆ మాట కాకాకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

గురువారం అనుసూయాబాయి వస్తుందనగా నేనో ఉపాయం చెప్పాను. "హైదరాబాద్‌ల ఇంకో ఏనుగు పణం దొరుకుతది గద కాకా. జల్ది తెప్పిద్దాం. అబద్ధం సంగతి నాకిడిసిపెట్టు, నీకెందుకు."

"దొరుకుతది. గని అది వాళ్ళత్త కట్టింది గాదు."

ఆమె వచ్చింది. సంచిలో పసుపు, గాజులు, పెళ్ళి సామాను. కాకా చుక్కను ఆమె అరచేతిలో పెట్టి అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. "బంగారం పోలేదు, అక్కా. తూచిన. మూడు గింజలకు మూడు గింజలున్నది."

ఆమె చుక్కను అటూ ఇటూ దొర్లించి చూసింది.

"పోయినాయన మంచోడేనా?"

"మంచోడే."

"మంచిది," అని చుక్కను త్రాసు పళ్ళెంలో పెట్టేసింది. "ఇది ఆయనది. పీనుగు నోట్ల వడ్డదాన్ని పెండ్లింటికి ఎట్ల దీస్కపోత సేట్?"

కాకా గబగబా పెట్టె తెరిచి ఎనిమిదో వంతు అష్రఫీ తీసి ముందుకు జరిపాడు. "తీస్కో అక్కా. పైసలొద్దు."

"అది నీ ఇంటిది," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. "రేపు పోరి గడప దాటుతది. దాని కొంగున ఏం గట్టాలె? నువ్వే జెప్పు."

కాకా నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

ఆమె లేచింది. కాకా కొట్టుకు తాళం కూడా వేయకుండా ఆమె సంచి అందుకుని స్టేషన్ దాకా వెనకే నడిచాడు. ఆమె ఎక్కాల్సిన ధర్మాబాద్ వైపు బండి నలభై నిమిషాలు ఆలస్యం. ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో సంచి పెట్టుకుని, పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మూడు చాయ్‌లు తెచ్చాను. వాళ్ళు కప్పులు పట్టుకున్నారు గానీ తాగలేదు.