కళ్లు తెరిచే ఉన్న కోతి

మత్తిస్తే కళ్లు మూతపడాలని అందరూ అనుకుంటారు. కోతులకు మేమిచ్చే కెటమిన్ అలా చెయ్యదు. ఒళ్లు బిగుసుకుంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, గుండె జోరు తగ్గదు. ఊపిరే నెమ్మదిస్తుంది. ఒక్కోసారి కోతి లోపలికి తీసుకున్న గాలిని కాసేపు బిగబట్టి వదులుతుంది. పశువుల డాక్టరుగా నాకిందులో వింతేం లేదు. పూండి దగ్గర ఒక జీడితోటలో జనానికి మాత్రం వింతే అయింది.

కంచె తీగకు తొడ చీరుకుపోయిన ఆడకోతి అది. అటవీ సిబ్బంది బోనులో పట్టారు. నేను మందిచ్చి, చెట్టు కింద టార్పాలిన్ మీద పడుకోబెట్టి కుట్లు మొదలెట్టాను. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, కోతి చచ్చిపోయిందనుకుని తోట యజమాని తల్లి పసుపు, కుంకుమ, కొత్త గుడ్డ పట్టుకొచ్చింది. వచ్చీరాగానే దాని నుదుటికి పసుపు రాసి బొట్టు పెట్టేసింది. ఆమె వెనకే ఊరు. జీడిపిక్కలు పాడుచేస్తున్నాయని ఏడాదంతా కోతుల్ని తిట్టిపోసేవాళ్లే, చచ్చిందనగానే ఆంజనేయస్వామి అంటారు. అప్పటికే ఇద్దరు గొయ్యి తవ్వుతున్నారు.

"పేనం పోనాది డాక్టరమ్మా, వొగ్గియ్. సామిని మట్టి సెయ్యాల," అంది ముసలమ్మ.

బతికే ఉందని చెబితే ఒక్కరూ నమ్మలేదు. నేనే చంపి బుకాయిస్తున్నానన్నారు. ఎవరో నా పైఅధికారికి ఫోన్ కొట్టారు. గొడవెందుకు, వాళ్లకిచ్చేసి వచ్చెయ్యమని ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఒళ్లు మండింది. ఊపిరున్నదాన్ని పూడ్చడానికి నేనివ్వను. ఫోన్ పెట్టేసి దాని పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. కళ్లు ఎండిపోకుండా చుక్కలు వేస్తూ, లేచి పడే పొట్టను లెక్కపెట్టాను. ఒకసారి అది లేవలేదు. నాకు నిజంగా భయమేసింది. పక్కటెముకలు నొక్కబోయేసరికి పొట్ట మళ్లీ లేచింది.

ముసలమ్మ చెయ్యి లాగి దాని ఛాతీ మీద పెట్టాను. "నువ్వే సూడు మామ్మా," అన్నాను.

ఆవిడ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఇంత జోరుగా కొట్టుకుంటందేటి," అంది. తర్వాత తనే జనాన్ని వెనక్కి తోలింది.

మిగతా కుట్లు వేసి బోనులో పెట్టాం. గంట దాటాక కోతి తూలుతూ లేచి కూర్చుని, నుదుటి బొట్టుతోనే మాకేసి పళ్లికిలించింది. తవ్వినవాళ్లే గొయ్యి పూడ్చేశారు.

మర్నాడు ఆఫీసులో, చెప్పిన మాట ఎందుకు వినలేదో రాసిమ్మని నాకో తెల్లకాగితం ఇచ్చారు. ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. ఊపిరి ఉంది కాబట్టి ఇవ్వలేదు.