అక్క దాటిన కాలు

నిన్న చాప మీద నిద్రపోతున్న చెల్లెలి కాళ్లు దాటాడని మా మనవణ్ని కోడలు కసిరింది. "ఎనక్కి దాటరా, పిల్ల ఎదగదు!" నాకు నా చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఆసుపత్రిలో వాచిన నా మోకాలు నొక్కి చూసి, డాక్టరు నాన్నతో అన్నారు: "ఎముకలో చీము పట్టింది. ఈ కాలు ఇక సరిగా ఎదగకపోవచ్చు."

బయట రేవులో ఓడ కూసింది. మంచం పక్కన నిలబడ్డ అక్క వైపు చూశాను. అంతకు రెండు రోజుల ముందు, ఇంట్లో జ్వరంతో పడుకున్న నన్ను అక్క దాటింది, వెనక్కి దాటలేదు.

"అక్కా, ఎనక్కి దాటవే! నాను ఎదగను!"

అక్క పరికిణీ ఎత్తిపట్టుకుని మంచమెక్కి, ఏడుస్తూనే దాటింది. "దాటేసాను. ఇంక ఎదుగుతాది, ఊరుకో."

కాలు పొట్టిగానే మిగిలింది. అది చీము చేసిన పనని ఎన్నిసార్లు చెప్పినా, నేను కాళ్లు చాపుకుని కూర్చుంటే అక్క ఇప్పటికీ చుట్టూ తిరిగే వెళ్తుంది.