జరీ అంగీకి వెనకవైపు

దలెందా సొంత ఊరు మహ్దియా నుంచి ట్యూనిస్ పోస్టాఫీసుకు బదిలీ మీద వచ్చింది. ఆ మొదటి చలికాలమంతా నేను పనిచేసే గ్రంథాలయానికి వస్తూ ఉండేది. నవలల కోసం కాదు, పాతకాలపు బట్టల బొమ్మలున్న పుస్తకాల కోసం. ముత్తవ్వ పెళ్ళినాటి జరీ అంగీని, మిగిలిన ఒక్క ఫోటో చూసుకుంటూ, తన చేత్తో మళ్ళీ కుడుతోంది. ముందుభాగం మేనత్త పక్కన కూర్చుని పూర్తిచేసింది. వెనకభాగం మొదలుపెట్టేలోపే మేనత్త పోయింది.

నా దగ్గరున్నవన్నీ ఆమె ముందు పరిచాను. వారం తర్వాత తిరిగి ఇచ్చేస్తూ, "బాబాయ్, ఇందులో ఏ ఆడమనిషికీ వీపు లేదు," అంది.

నిజమే. ముప్పై ఏళ్ళు ఆ పుస్తకాల దుమ్ము దులిపిన నాకు ఆ సంగతి తట్టనేలేదు. బొమ్మ గీసినవాళ్ళందరూ ఎదురుగా నిలబడే గీశారు.

జరీ దారం కొనబోతే బజారులో ఇంకో తంటా. "పెళ్ళికూతురెవరమ్మా?" అని అడిగేవాళ్ళు దుకాణాలవాళ్ళు. ఎవరూ లేరంటే, "మరి దిష్టిబొమ్మకా?" అని నవ్వేవాళ్ళు. చివరికి తనను సొంత ఊరికి పంపెయ్యమని అర్జీ రాసుకుని, నాచేత తప్పులు దిద్దించుకుంది. దిద్దానే గాని, మనసొప్పలేదు.

మార్చి పదహారు, ఊరంతా పాతకాలపు బట్టలు కట్టుకునే రోజు. దలెందా కూడా అంగీ తొడుక్కుంది. వీపుకు ఏం పెట్టాలో తెలియక ముతక నూలుగుడ్డ అతికించి, పైన తెల్లటి సఫ్సారి ముసుగు కప్పుకుంది. అర్జీ సంచిలోనే ఉంది. మెట్రోలో తోపులాట. సఫ్సారి కొస ఎవరి కాలికిందో పడి జారిపోయింది.

"ఓ పిల్లా! ముందు చూస్తే పెళ్ళికూతురివి, వెనక చూస్తే పిండిబస్తావి! ఎవరే నిన్ను ముస్తాబు చేసింది?"

వెనకాల నిలబడ్డ ముసలావిడ. పేరు అల్జియా అని తర్వాత తెలిసింది. రైలుపెట్టెలో అందరూ నవ్వారు.

"వెనక ఎలా ఉండేదో తెలీదు పిన్నీ. చెప్పేవాళ్ళు లేరు," అంది దలెందా, జారిన ముసుగు పైకి లాక్కుంటూ.

అల్జియా అంగీ అంచు మడిచి లోపలి కుట్లు చూసింది. "చేతికుట్టే! వేరే పనేం లేదా నీకు?" అని అంచు మళ్ళీ సరిచేసింది. "మాకూ లేదులే. శనివారం హల్ఫావీన్ పేటలో మా ఇంటికి రా. కత్తెర తెచ్చుకో, మావి ఎవరికీ ఇవ్వం."

శనివారం వెళ్తే, ఆ ఇంటి ముంగిట్లో ఐదుగురు ఆడవాళ్ళు. పాత బట్టల కుట్లు విప్పి చూసి, అలాగే మళ్ళీ కుట్టేవాళ్ళు. అందులో బేయా అనే పెద్దావిడది మహ్దియాయే. పెట్టె తెరిచి తన నానమ్మ పెళ్ళి అంగీ తీసింది. ముందంతా జరీ. తిప్పింది.

ముతక నూలుగుడ్డ. రెండుచోట్ల మాసికలు.

"సఫ్సారి కింద ఎవడు చూస్తాడే? మా వీధిలో అందరివీ ఇంతే," అంది బేయా. "మీ ముత్తవ్వా పిండిబస్తాయే!"

"నా మాట నేను వెనక్కి తీసుకోను. ఈ పిల్ల అంగీకి మాసికైనా లేదుగా!" అంది అల్జియా.

ఇదంతా సోమవారం దలెందాయే నాకు నవ్వుతూ చెప్పింది. సంచిలోంచి కుట్టుకు నమూనాగా మెడపట్టీ ఆకారంలో కత్తిరించిన కాగితం తీసి చూపించింది. దాని మీద నా ఎర్రసిరా దిద్దుబాట్లు.

"ఇది నీ అర్జీ కదమ్మా?"

"గట్టి కాగితం ఇదొక్కటే దొరికింది బాబాయ్. శనివారానికల్లా పట్టీ కుట్టి తెమ్మన్నారు."